ఓబులమ్మత్త తోమిన పిస్తోలు

మా ఇంట్లో ఉండిన ఆరుగుండ్ల పిస్తోలు నూరేళ్లు దాటిన తన ఆయుష్షులో చంపిన ప్రాణి ఒకే ఒక తేలు. అదీ పేలి కాదు, మా నాయనను కన్న జేజినాయన చేతిలోంచి జారి దాని నెత్తిన పడి. మా నాయన చెప్పేటప్పుడు ఆ తేలు బొటనవేలంత ఉండేది. నేను పత్రికలకు హాస్యం రాయడం మొదలుపెట్టాక అరచేయంత అయింది. మా పిల్లలకు చెప్పే నాటికి చిన్న సైజు కుందేలంత పెరిగి, చచ్చే ముందు జేజినాయన వైపు గుర్రుగా చూసింది కూడా. తేలు ఎంత పెరిగినా పిస్తోలు మాత్రం ఏడాదికింత తరిగిపోతూ వచ్చిందని, అది నా కథల్లోకి ఎక్కని సంగతి అని, ఈ మధ్యనే తెలిసింది.

నాయన పోయి ఏడాది కావస్తోంది. లైసెన్సు ఆయన పేరు మీద ఉండేది కాబట్టి ఆయనతో పాటే అదీ పోయింది. స్టేషను నుంచి మర్యాదగా కబురు వచ్చింది. నీ పేరున లైసెన్సు తీసుకో, లేదా లైసెన్సు ఉన్నవాళ్లకు అమ్ముకో, రెండూ కాకపోతే తెచ్చి మాకప్పగించు. హాస్యం రాసుకునే వాడివి నీకు తుపాకి ఎందుకయ్యా అని ఆ ఫారంలో అడిగితే, పాఠకుల నుంచి ఆత్మరక్షణకు అని రాయాలి. అంత నిజం ప్రభుత్వానికి చెప్పడం ఇష్టం లేక, తెలిసినవాళ్ల ద్వారా బెంగుళూరులో ఒకాయన్ను పట్టాను. పాతకాలపు ఆయుధాలను కొని, సేకరించేవాళ్లకు అమ్మే మనిషి. ఫోటోలు పంపమన్నాడు. నేను ఫోటో తీస్తే పిస్తోలు, వంకాయ, మా ఆవిడ, అన్నీ ఒకేలా పడతాయి. అందులో ఆయన కంటికి ఆనింది ఒక్కటే, పిడి కింద కొట్టిన నంబరు. గంట తిరక్కుండా ఫోను చేశాడు.

"సార్, ఈ వరసలో చేత్తో చెక్కడపు పని చేసినవి చాలా కొద్ది. మన దిక్కున ఒకటుందని పెద్దవాళ్లు చెప్పుకోవడమే గానీ నేను చూసింది లేదు. రేపు పొద్దున్నే బయల్దేరి వస్తాను. ఒకే ఒక్క మనవి. దాన్ని తుడవకండి, తోమకండి, నీళ్లు కూడా తగలనివ్వకండి. దాని విలువంతా పై చర్మంలోనే ఉంటుంది."

సరేనని ఫోను పెట్టేసి వంటింట్లోకి పోతే, ఓబులమ్మత్త ముక్కాలిపీట మీద కూచుని గిన్నెలో నిమ్మకాయంత చింతపండు నానబెడుతోంది. ఓబులమ్మత్త మా నాయనకు అక్క. వయసు ఎనభై దాటి ఎన్నో ఏళ్లయింది, కళ్లు మసకలు, చెవులు మాత్రం పోలీసు కుక్క చెవులు.

"యాలత్తా ఈ చింతపండు?"

"పిస్తోలుకు రా. రేపు ఎవురో చూసేకి వస్తాండారంట కదా? వచ్చినోళ్ల ముందర మురికిదాన్ని పెడ్తామా? పెండ్లిచూపులప్పుడు పిల్లను మొగం కడగకుండా కూచోబెడ్తారా యాడన్నా?"

నోరు తెరిచాను. చెప్పాల్సింది ఒక్క ముక్క. తోమొద్దత్తా, తోమితే పాడవుతుందంట. కానీ ఆ మాటను రేపటి తోముడు దగ్గర ఆపడం నా చేతిలో లేదు. అది వెనక్కి నడుచుకుంటూ పోతుంది, మా సొంతూరు తనకల్లులో పెరటి బండ దాకా, అత్తకు పదహైదేళ్ల వయసున్న రోజు దాకా. ఆమె బతుకంతా పట్టుకుని ఊరేగిన ఒకే ఒక్క పనిని తప్పు అని చెప్పాలి. ఎనిమిది వందల వ్యాసాల్లో ఊరందరినీ ఎగతాళి చేసిన నా నోరు ఆ ఒక్క మాటకు లేవలేదు. "కానీత్తా" అన్నాను. మా ఆవిడ పద్మ, గిన్నెలు తోమే స్టీలు పీచు ఒకటి తెచ్చి అత్త చేతికిచ్చింది కూడా. పొద్దున్నే దాంతో రెండు రుద్దులు రుద్ది, అత్త మురిసిపోయింది. "ఓయబ్బా, ఇది నా కాలంలో ఉండింటేనా!"

ఎందుకు ఆపలేకపోయానో చెప్పాలంటే తనకల్లు పోవాలి. ముందర అంగడి, నడుమ సంసారం, వెనక పెరడు, ఇదీ మా ఇల్లు. వీధి తలుపు దగ్గర బెల్లం వాసన, నడవలో చెనిక్కాయల వాసన, పడకింట్లో గోతాల వాసన. ఇంగువ వాసనకు మాత్రం ఒక చోటని లేదు, యజమాని లాగా అన్ని గదుల్లో తిరిగేది. మా ఒంటికి కూడా ఆ కలగలుపు వాసనే. బళ్లో పంతులు నల్లబల్ల మీద రాస్తూ, వెనక్కి తిరగకుండానే "బెల్లం పొట్లం ఆలస్యంగా వచ్చింది, గోడకు నిలబడు" అనేవాడు. జేజినాయన అంగట్లో కూచుని నస్యం పీల్చి తుమ్మితే, పక్క వీధిలో ఎవరో ప్రయాణం మానుకునేవాళ్లు. నాయనది రేడియోతో కొట్లాట. అది 'అక్కడక్కడ జల్లులు' అనగానే దాని ముందుకు పోయి నిలబడేవాడు. "అక్కడక్కడ అంటే యాడప్పా? ఊరి పేరు చెప్పు, బండి కట్టుకోని పోతా."

వాన సంగతి చెప్పకుండా మా ఊరి సంగతి చెప్పలేను, చెబితే ఎవరూ నమ్మరు. మబ్బులు మా మీదికి పిల్లను చూడ్డానికి వచ్చినట్టు వచ్చేవి. కాసేపు కూచునేవి, కాఫీ తాగేవి, ఊరికి పోయి ఉత్తరం రాస్తామని చెప్పి కర్ణాటక వైపు వెళ్లిపోయేవి. ఉత్తరం వచ్చేది కాదు. నేను వానను మొదట చూసింది తెలుగు వాచకంలోని బొమ్మలో అని సభల్లో చెబితే జనం చప్పట్లు కొడతారు. కొంచెం పెంచాను, ఒప్పుకుంటాను, కానీ వాళ్లనుకున్నంత పెంచలేదు. బావి అడుగున ఆకాశం ఒక తమలపాకంత కనిపించేది. నాలుగు బిందెలు చేదగానే అదీ బురదైపోయేది. బండి మీద పీపాతో నీళ్లు వచ్చిన రోజు ఇంట్లో ముఖాలు కడిగిన నీళ్లతో కాళ్లు, కాళ్లు కడిగిన నీళ్లతో బరగొడ్డు, బరగొడ్డు కాదన్న నీళ్లతో కరివేపాకు చెట్టు బతికేవి.

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఓబులమ్మత్త. అందరి తర్వాత తినేదీ ఆమే, పగలు ఒంటిపూట, రాగిసంకటి ఇంత. పదమూడేళ్లకు పెళ్లి చేసి నల్లమాడ దిక్కు పంపితే, పదహైదేళ్లకు ఒక ఇనప్పెట్టెతో, బోడి నొసటితో తిరిగొచ్చింది. ఆ ఊళ్లో ఆ ఏడు వచ్చిన జ్వరం ఆమె మొగుణ్ణి తీసుకుపోయింది. ఆమెకు ఆయన ముఖం సరిగా గుర్తు కూడా లేదని తర్వాతెప్పుడో నాతో అంది. "నడిచి పోతాంటే వెనకాలనుంచి గుర్తుండాడు రా" అంది. నేను పుట్టేనాటికే ఆమె మా ఇంటికి గోడల్లా ఒక భాగం. అయితే గోడకు నాలుక ఉండేది. నాకు హాస్యం ఎక్కడినుంచి వచ్చిందని అడిగేవాళ్లకు నేను చాలా మంది పెద్దవాళ్ల పేర్లు చెబుతుంటాను, అన్నీ అబద్ధం. అంగడికి వచ్చిన వాళ్లు ఊరికే నోరుండబట్టలేక "ఏం ఓబులమ్మక్కా, బాగుండావా?" అంటే, చేటలో రాళ్లేరుతూ తలెత్తకుండా "బాగలేదంటే నువ్వేమన్నా చేస్తావాప్పా, ఊరికే అడుగుతాండావా?" అనేది. ఆ మనిషి పసుపు కొనడానికొచ్చి, కొనకుండానే పోయేవాడు.

పిస్తోలు మా ఇంటికెట్లా వచ్చిందంటే, జేజినాయన వాళ్ల నాయన దొరల గుడారాలకు సరుకులు పంపేవాడట. ఒక దొరకు మా ఇంటి మిరపకాయ తొక్కు రుచి చూపిస్తే, ఆయన ఎర్రగా అయిపోయి, కళ్లనీళ్లు కారుస్తూ, "ఇంత మందుగుండు మీ దగ్గర ఉండగా నాకెందుకిది" అని నడుముకున్న పిస్తోలు తీసిచ్చేశాడట. ఇది జేజినాయన చెప్పిన కథ. నేను దీనికి ఒక్క అక్షరం కలపలేదు, కలపడానికి ఆయన చోటు మిగల్చలేదు. ఇప్పటి తుపాకుల్లా దానికి తూటాలు ఉండవు. నడుమ చక్రం లాంటి ఇనుప దిమ్మెలో ఆరు గదులు. ఒక్కొక్క గదిలో నల్లమందు పోసి, సీసపు గుండు దూర్చి, వెనకనున్న చిన్న ముక్కుకు రాగి టోపీ తొడగాలి. సుత్తి పడితే టోపీ పేలుతుంది, అది పేలితే మందు అంటుకుంటుంది. మందు, గుండ్లు, టోపీలు మూడూ మా ఇంట్లో ఏనాడూ లేవు. అయినా మాకు ఊళ్లో తుపాకిశెట్టి వాళ్లని పేరు. తక్కెడ పట్టుకుని బతికే ఇంటికి ఆ పేరు ఒక కోటగోడ. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆయుధాలు స్టేషనులో అప్పగించాలి గదా, నాయన దాన్ని కొత్త తువ్వాల్లో చుట్టి, బాలింతను తీసుకుపోయినట్టు భద్రంగా తీసుకుపోయేవాడు. నేను వెంట పోయేవాణ్ణి.

"ఏం శెట్టీ, ఇది పేలుతాదా?" అని రైటరు అడిగేవాడు ప్రతిసారీ.

"పేలుతాదంటే నీకు నిద్ర పట్టదు, పేలదంటే ఊర్లో నాకు మర్యాద ఉండదు. రసీదు రాయప్పా సామీ" అనేవాడు నాయన.

మహర్నవమి నాడు ఆయుధపూజ. వ్యాపారస్తుడి ఆయుధాలేవి? తక్కెడ, తూకపు రాళ్లు, బెల్లం కొట్టే కత్తి, గోతాలు కుట్టే దబ్బనం. వీటి నడుమ పెళ్లికొడుకులా పిస్తోలు. మిగతావన్నీ అమ్మ కడిగేది. పిస్తోలు మాత్రం ఓబులమ్మత్తది, ఇంకొకరి చెయ్యి పడకూడదు. ఈ ఏర్పాటు జేజినాయన చేసిందే. అత్త తిరిగొచ్చిన కొత్తలో నెలల తరబడి పెరటి బండ మీద కూచుని పలకలేదట, తిండి సయించలేదట. బిడ్డను ఓదార్చడం జేజినాయనకు రాదు. ఆయనకు తెలిసిందల్లా తూకం, నస్యం, తుమ్ము. మహర్నవమికి ముందురోజు పెట్టెలోంచి పిస్తోలు తీసుకొచ్చి ఆమె ఒళ్లో పెట్టి, "దీన్ని తోమమ్మా, తళతళలాడల్ల" అని చెప్పి, వెనక్కి చూడకుండా అంగట్లోకి పోయాడట. ఆ పొద్దు సాయంత్రం అత్త సంకటి తిన్నది. ఏడాది తిరిగేసరికి ఆ పని ఆమె హక్కైపోయింది.

పండగ ముందురోజు ఆమె చింతపండు పిసికి, గుజ్జుతో మొదటి చుట్టు పట్టేది. కట్టెల బూడిదతో రెండో చుట్టు, పాతపంచెలో జల్లించిన ఇటుక పొడితో మూడోది. టెంకాయ పీచు రాపిడికి కరకరమని ఒక చప్పుడు, ఇనుము తడిసి నెత్తుటి లాంటి వాసన. అది కాస్త నీళ్లున్న ఏడాది పద్ధతి. నీళ్లు లేని ఏడు, అంటే దాదాపు ప్రతి ఏడూ, తోమి కడగడానికి చెంబెడు నీళ్లు కూడా పెట్టుబడి కాబట్టి, చింతపండు లేదు, బూడిద లేదు, వట్టి ఇటుక పొడి, నాలుగు చుక్కల చెనిక్కాయ నూనె. పొడిగా, గట్టిగా, రెండింతలు సేపు. మా ఊరి కరువు పొలాలను తిన్నది, చెరువులను తిన్నది, ఆ పిస్తోలును కూడా కొంచెం కొంచెంగా తిన్నదని అప్పుడు మాకెవరికీ తెలియదు. తళతళలాడుతోందని మాత్రం అందరం మెచ్చుకునేవాళ్లం.

దాని గొట్టం మీద, దిమ్మె మీద బొమ్మలుండేవని అత్తే చెప్పేది. గొట్టం పొడుగునా పాకిన తీగె. దిమ్మె చుట్టూ పరిగెత్తే జింక, దాన్ని తరిమే కుక్క. నా చూపుడువేలు పట్టుకుని ఇనుము మీద పెట్టేది. "ఇదో ఈడ జింక. వెనక్కి మళ్లుకోని చూస్తాంటాది, పాపం. తగుల్తాందా?" నా వేలికి నున్నటి చల్లటి ఇనుము తప్ప ఏమీ తగిలేది కాదు. "తగుల్తాందత్తా" అనేవాణ్ణి. అది నా తొలి కల్పన. కుక్క మాత్రం నాకూ కాస్త కనపడేది, ఒక తోక, రెండు కాళ్లు. నేను పెద్దబడికి వచ్చాక ఒకసారి, "అత్తా, జింక యాడుండాది, కుక్క ఒకటే మిగిలింది కదా" అంటే, అత్త పడీ పడీ నవ్వింది. "తప్పిచ్చుకోని పోయింది రా. ఎన్నేండ్లని పరిగెత్తుతాది? మనూరు ఇడిసిపెట్టి నీళ్లుండే తావుకు పోయింది."

తోమడం అయ్యాక ఆమె దాన్ని ఉతికిన గుడ్డలో పెట్టి నా చేతికిచ్చేది. నేను లోపలికి మోసుకుపోయేవాణ్ణి. దీపాలు వెలిగించి, నాయన తక్కెడకు, రాళ్లకు, పిస్తోలుకు గంధం పూసి, అమ్మ కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి, గుమ్మడికాయ పగలగొట్టేవాళ్లు. అత్త పెరటి వాకిలి దగ్గరే, తలుపు చాటున. శుభం వేళ ఆమె ఎదురు రాకూడదు. రావద్దని ఎవరూ గట్టిగా అనింది లేదు, నేనెప్పుడూ వినలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు, అదీ నేను వినలేదు. ఈ రెండోది నా చెవులకు అప్పట్లో తట్టలేదు. బొరుగులు, కొబ్బరి ముక్కలు పంచే హడావుడిలో ఉన్నాను. హారతి గంట ఆగాక ఆమె అక్కడినుంచే అడిగేది. "తళతళలాడతాందా?" నాయన లోపల్నుంచే, "అద్దం లాగుండాదిక్కా" అనేవాడు. ఆమె పండగ అంతే. పూజింట్లో తాను తోమిన పిస్తోలు ఎట్లా కూచుందో ఆమె ఒక్కసారి కూడా చూసి ఎరగదు.

బెంగుళూరాయన చెప్పిన వేళకే వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి మాట. అనంతపురంలోని మా ఫ్లాటులో భోజనాల బల్ల మీద నల్ల మఖమల్ గుడ్డ పరిచి, చేతులకు తెల్లటి తొడుగులు వేసుకున్నాడు. అత్త చలవ చీర కట్టుకుని, వాకిలి దగ్గర తన ప్లాస్టిక్ కుర్చీలో నిటారుగా కూచుంది. నేను పిస్తోలు తెచ్చి బల్ల మీద పెట్టాను. అది కళాయి పోయించిన గిన్నెలా మెరిసిపోతోంది. వంటింట్లో గరిటెల మధ్య వేలాడదీస్తే పోలీసులు కూడా పట్టుకోలేరు. ఆయన వెంటనే ముట్టుకోలేదు. ఇంటివాళ్లకు ఏం చెప్పాలో తెలియని డాక్టరు లాగా కాసేపు ఊరికే చూశాడు. తర్వాత భూతద్దం తీసి, దిమ్మెను ఒక్కో గది చొప్పున తిప్పుతూ చుట్టూ వెతికాడు. ఒక చోట ఆగాడు. "ఇక్కడ ఒక గీత ఉంది సార్" అన్నాడు, గోరు కొసంత. అది కుక్కదో తీగెదో చెప్పడానికి లేదు.

తన ఫోనులో ఒక ఫోటో తెరిచి నా ముందు పెట్టాడు. దీని తోబుట్టువట, సముద్రాల అవతల ఎవరి దగ్గరో ఉందట. చూశాను. గొట్టం పొడుగునా తీగె, ప్రతి ఆకుకూ ఈనెలు. దిమ్మె మీద నోరు తెరిచి ఎగబడుతున్న కుక్క. దాని ముందు జింక. మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. నేను చిన్నప్పుడు తగుల్తాందని చెప్పిన అబద్ధం నా కళ్ల ముందు ఈనెలతో సహా నిజమై నిలబడింది. అత్త ఒక్క ముక్క కూడా పెంచి చెప్పలేదు. మా ఇంట్లో ఏదీ పెంచకుండా చెప్పిన మనిషి ఆమె ఒక్కతే.

"ఎవరు తోమారు సార్ దీన్ని?" చాలా నెమ్మదిగా అడిగాడు.

"అయ్యో, అది మా కాలానికి ముందేనండీ" అన్నాను వెంటనే. "ఆ దొర దగ్గర ఒక బంట్రోతు ఉండేవాడట, ఇంత బారు మీసాలు, వాడికి తోముడు పిచ్చి." బంట్రోతు తలపాగా దాకా వచ్చానో లేదో, వాకిలి దగ్గరనుంచి అత్త గొంతు.

"బంట్రోతు యాడొచ్చినాడు రా నడమ? నేనే నాయనా తోమింది. పదహైదేండ్లప్పటి నుంచి నేనే. దాని మీద ఇంకో చెయ్యి పడలేదు."

ఆ కంఠంలో అంత గర్వం నేను అంతకుముందు వినలేదు. బెంగుళూరాయన ఆమె వైపు చూశాడు, ఆమె చేతుల వైపు చూశాడు. తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి, ఆమె దగ్గరికి పోయి వంగి నిలబడ్డాడు. "చాలా శ్రద్ధగా తోమినారమ్మా. ఇంత శుభ్రంగా ఉన్నదాన్ని నేనెక్కడా చూడలేదు" అన్నాడు. మంచివాడు. కాఫీ తాగి, సామాను సర్దుకుని, లిఫ్టు దాకా నేను వెంట పోయాక అసలు మాట చెప్పాడు. "సార్, ఇప్పుడది ఇనుము. పేరుంది, నంబరుంది, ముఖం లేదు. సేకరించేవాళ్లు ముఖం కోసమే వస్తారు. ఎవరూ ముట్టుకోకుండా ఏ అటక మీదో పారేసి ఉన్నా బతికేది."

తిరిగొచ్చేసరికి అత్త కదలకుండా కూచుని ఉంది. "ఏమన్నాడు రా?"

నేను నా విద్యంతా బయటికి తీశాను. ఇంత మెరిసేదాన్ని కొనేంత ధైర్యం తనకు లేదన్నాడని, ఇది రాజుల కొలువులో ఉండాల్సిందని, చట్టాలు అడ్డమొచ్చాయి గానీ లేకపోతే ఎత్తుకుపోయేవాడేనని, వీధి చివర దాకా వెనక్కి తిరిగి చూస్తూనే పోయాడని. చిన్నప్పటినుంచి నా కథలన్నీ ఎట్లా విన్నదో అట్లాగే, అడ్డు తగలకుండా మొత్తం విన్నది.

"అయిపాయనా?"

"అయిపోయిందత్తా."

"బాగనే చెప్తావు గానీ, పొడుగెక్కువ. లిఫ్టు కాడ ఆయప్ప చెప్పింది వినపడింది రా నాకు. కండ్లు పోయినాయి గానీ చెవులు యాడికి పోయినాయి?"

"నీ తప్పేముందత్తా? తోమితే అరుగుతాదని నీకు ఎవరు చెప్పినారు?"

"ఎవురు చెప్పల్ల? నా చేతి ఏళ్లకు తెలీదా? ముందర చెవులు పోయినాయి ఆ జింకకు. ఆ పైయేడు కాళ్లు. యాడాది యాడాది తెలుస్తానే ఉండె. తెలిసే తోమినా."

"మరి యాల తోమితివత్తా?"

అత్త తన అరచేతులను ఒళ్లో తిప్పి పెట్టుకుంది. "పండగ పొద్దు ఆ ఇంట్లో నన్ను పిలిచి చేయించుకునే పని అదొకటే కదరా. బొమ్మలు అరిగిపోతాండాయి, ఇంక తోమనని నేనంటే, సరేలేమ్మా అని మా నాయన దాన్ని పెట్టెలో పెట్టేసుండేవాడు. అప్పుడు నేను యాడ కూచోవల్ల? నువ్వు చెప్పు."

ఏడవలేదు. లేచి తన గదిలోకి పోయి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఆ కుర్చీలో కూచుండిపోయాను. ఆ రోజుల్లో ఇల్లు నిండా జనం, మనిషికో అలవాటు, గదికో వాసన, ఎంత చెప్పినా తరగని సందడి అని నేను ఎన్ని వ్యాసాల్లో రాసి ఉంటాను. రాసిన ప్రతిసారీ పెరటి వాకిలి దగ్గర ఒక మనిషి నిలబడే ఉంది, నేను ఆమెను తమాషా మాటలు చెప్పే అత్తగా తప్ప వాడుకోలేదు. ఈ కాలంలో ఇళ్లు చిన్నవైపోయాయని, మనుషులు ముడుచుకుపోయారని గొణుగుతుంటాను గదా, అంత పెద్ద ఇంట్లో ఒక ఆడమనిషికి కూచోవడానికి చోటు కావాలంటే ఒక జింకను అరగదీయాల్సి వచ్చింది. తర్వాతి వారం పిస్తోలును తువ్వాల్లో చుట్టి స్టేషనులో అప్పగించాను. రైటరు కుర్రవాడు, పేలుతుందా అని కూడా అడగలేదు. రసీదు ఇచ్చాడు, అంతే.

మొన్న మహర్నవమి వచ్చింది. మా ఫ్లాటులో ఆయుధాలంటే నా స్కూటరు తాళం, నేను రాసుకునే కంప్యూటరు, పద్మ మిక్సీ. పూజగది అంటే ఫ్రిజ్జు పక్కన ఒక అలమర. అత్త పొద్దున్నే స్నానం చేసి, ఎవరూ చెప్పకుండానే తన కుర్చీని వంటింటి అవతల బాల్కనీలోకి లాక్కుపోయి కూచుంది. చేతిలో పని లేదు. పద్మ దీపం వెలిగించి, కుంకుమ గిన్నె పట్టుకుని బాల్కనీలోకి పోయింది.

"అత్తా, ఈ పొద్దు బొట్లు నువ్వు పెట్టు."

"నేనా? తమాషాలు చేస్తాండావా పద్మా? వద్దులేమ్మా, బాగుండదు."

"ఎవురికి బాగుండదు? ఈడుండేది మనం ముగ్గురే. నాకు బాగుంటాది. ఈయప్పకు బాగలేకుంటే బయట నిలబడతాడు. రా."

అత్త కుర్చీ పట్టుకుని లేచింది. తర్వాత కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది, మళ్లీ కడుక్కుంది, కొంగుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. పద్మ మోచెయ్యి పట్టుకుని వచ్చి అలమర ముందు నిలబడింది. దీపం వేడి ముఖానికి తగిలినట్టుంది, కొద్దిగా వెనక్కి జరిగి మళ్లీ ముందుకొచ్చింది. పద్మ ఆమె చేతిని మిక్సీ మీద పెట్టి చోటు చూపించింది. అత్త కుంకుమలో ఉంగరపు వేలు ముంచింది. ఆ వేలు గాల్లో అట్లాగే ఆగిపోయింది.

"ఎంత పెట్టల్లమ్మా?" అని అడిగింది.